వరస కుదిరితేనే సరసం

సరసం అనే మాటని సగం సినిమాలు పాడుచేశాయి, మిగతా సగం బట్టల కొట్ల బోర్డులు పాడుచేశాయని నా అభిప్రాయం. సినిమాలో అయితే వాన పడాలి, చీర తడవాలి, హీరో వెళ్ళి హీరోయిన్ నడుం గిల్లాలి, అప్పుడది సరసం. బోర్డు మీద అయితే "అన్ని రకముల చీరలు సరసమైన ధరలకు లభించును". చిన్నప్పుడు శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఆ బోర్డు చదివి, ధరకి సరసం ఏంటని మా మేనత్తని అడిగితే "బేరమాడితే కొట్టువాడు కోప్పడకుండా నవ్వుతాడే, అదన్నమాట" అంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ చెప్పింది మరీ అంత దూరం కూడా కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, విజయనగరంలో మా ఆఫీసుకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. పుట్టి పెరిగిందంతా హైదరాబాద్. మా వీధి చివర టిఫిన్ బండి పెట్టే ఆవిడ, రోజూ వచ్చే ఒక పెద్దాయన్ని పట్టుకుని "ఏటి మావా, నిన్న రానేదు, అత్త ఒగ్గనేదేటి?" అనడం, ఆయన "మీ అత్త ఒగ్గీసినా నీ ఇడ్లీలు నమలాలంటే పళ్ళుండాల కదే" అనడం, చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళంతా నవ్వడం చూసి బెంబేలెత్తిపోయి, నా దగ్గరికొచ్చి "మేడం, ఇక్కడ ఇలా ఓపెన్‌గా ఫ్లర్ట్ చేసుకుంటారా?" అని అడిగింది. అది ఫ్లర్టింగ్ కాదమ్మా, సరసం అన్నాను. రెండూ ఒకటే కదా అంది. కాదని చెప్పడం మొదలుపెడితే లంచ్ టైం అయిపోయింది గానీ నా మాట అవలేదు.

ముందు మాట పుట్టుక సంగతి తొందరగా తేల్చేద్దాం. సంస్కృతంలో 'స' అంటే కూడిన అని, రసంతో కూడినది సరసం. అంతే, ఇందులో గిల్లడాలు ఏమీ లేవు. సరసుడంటే రసం తెలిసినవాడు, మాట రుచీ పాట రుచీ తెలిసినవాడు. త్యాగరాజు కాపినారాయణి రాగంలో "సరస సామ దాన భేద దండ చతుర" అని పిలిచింది సాక్షాత్తూ రాముణ్ణి. విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు, ఆ గోడ పక్కనుంచి నడిచేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ కీర్తన చెవిన పడే ఉంటుంది. అందులో రాముడు ఎవరినీ కవ్వించట్లేదు, యుద్ధానికి ముందు రావణుడికి మంచిమాటలు చెప్పి చూస్తున్నాడు. ఏ మాట ఎప్పుడు, ఎంతవరకు అనాలో తెలిసినవాడు కాబట్టి సరసుడు.

ఆ రసం పోతే విరసం. సుమతీ శతకం "సరసము విరసము కొరకే" అని బళ్ళోనే మనల్ని బెదిరించి పెట్టింది. (మా శ్రీకాకుళం జిల్లాలో మా నాన్న తరం వాళ్ళకి విరసం అంటే ఇంకొకటి గుర్తొస్తుంది. ఏజెన్సీలో గిరిజన రైతాంగ పోరాటం నడిచిన రోజుల వేడిలోంచి 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది, పొట్టిగా విరసం. మా ఇంట్లో ఒక పెళ్ళిలో పాత కామ్రేడ్ ఒకాయన "మీరంతా సరసం, నేనొక్కడినే విరసం" అని జోకేశాడు. ఆడవాళ్ళెవరూ నవ్వలేదు, మా నాన్న ఒక్కడే నవ్వాడు.)

తెలుగులో ఒక చిత్రమైన అలవాటుంది, గమనించారా? ఒక్కటిగా ఉన్నప్పుడు మంచి మాటే, బహువచనం చేస్తే తిట్టైపోతుంది. వేషం వేస్తే కళాకారుడు, వేషాలేస్తే వెధవ. నాటకం ఆడొచ్చు గానీ నాటకాలాడకూడదు. కథ చెబితే కూర్చుని వింటాం, కథలు చెబితే లేచిపోతాం. సరసం కూడా అంతే. "ఆయన మంచి సరసుడు" అంటే పొగడ్త, "ఏటి, నా కాడా నీ సరసాలు?" అంటే చెప్పు తీస్తానని అర్థం. ఆ బహువచనంలో ఒక్కోసారి ఆడా మగా ప్రసక్తే ఉండదు. కరెంటు తీగ మీద చొక్కా ఆరేసినవాణ్ణి లైన్‌మన్ "కరెంటుతో సరసాలేట్రా" అంటాడు. కళింగపట్నం, భావనపాడు వైపు వేటకెళ్ళేవాళ్ళు తుఫాను హెచ్చరిక ఉండగా బోటు తీయబోయే కుర్రాళ్ళని సముద్రంతో సరసాలొద్దంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి మా జిల్లా ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమీద పరిచేశాక, ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

పరాచికం, వేళాకోళం, ఎకసెక్కెం, వెటకారం అని దీని చుట్టాలు చాలా ఉన్నాయి. ఎకసెక్కెంలో ముల్లుంటుంది, వెటకారానికి మూతి వంకర ఉంటుంది, వేళాకోళం ఎవరితోనైనా చెయ్యొచ్చు. సరసానికి మాత్రం అవతలి మనిషి మీద కాస్త ఇష్టం ఉండాలి, తను ఆడా ఎదుటివాడు మగా అన్న ఎరుకా ఉండాలి. ఆ ఎరుక ఉంది కాబట్టే దానికి కట్టుబాటు అవసరమైంది, మా వైపు ఆ కట్టుబాటు పేరు వరస.

మా ఊరు నరసన్నపేట దగ్గర. అక్కడికి కొత్త మనిషి ఎవరైనా వస్తే పేరు తర్వాత అడుగుతారు, ముందు "ఏ ఊరు, ఎవరి తాలూకా" అని తీగ లాగి లాగి, మీ పెద్దమ్మ తోటికోడలి పుట్టినూరు దాకా వెళ్ళి వరస తేలుస్తారు. తేలేదాకా మాటలు పొడిపొడిగా, మర్యాదగా ఉంటాయి. తేలాక, అదీ బావా మరదలి వరస అని తేలాక చూడాలి, అప్పటిదాకా "మీరు" అన్న మనిషే "ఓలమ్మో, నువ్వు నాకు మరదలివేటే, ఇన్నాళ్ళూ ఏడున్నావే" అని అందుకుంటాడు. ఆ హైదరాబాద్ అమ్మాయికి నేను చెప్పలేకపోయిన తేడా ఇదే. ఫ్లర్టింగ్ అనేది తెలియని మనిషితో, ఏదన్నా కుదురుతుందేమో చూద్దామని చేసేది. సరసం తెలిసిన మనిషితో, ఏమీ కుదరక్కర్లేదని ఇద్దరికీ తెలిసే, పదిమంది వింటుండగా చేసేది. అదే మాట ఎవరూ లేనప్పుడు అంటే మా ఊళ్ళో ఊరుకోరు, ఎంత బావైనా సరే.

ఇందులో తిరకాసులు బోలెడు. బావ అన్న పిలుపే తీసుకోండి. మేనత్త కొడుకు బావ, అక్క మొగుడు బావ, భర్తకి అన్నయ్య కూడా బావే. మొదటి ఇద్దరితో ఎంత సరసమైనా చెల్లుతుంది, మూడో ఆయన మాత్రం బావగారు, ఆ 'గారు' దగ్గర ఆడవాళ్ళ గొంతే మారిపోతుంది. మా పెదనాన్న అరుగు మీద ఉంటే మా అమ్మ పెరటి తోవన వెళ్ళేది. ఆయన భోజనానికి వచ్చే చప్పుడవగానే అన్నీ వడ్డించేసి ఆయన కూర్చునేలోపు వంటింట్లోకి వెళ్ళిపోయేది, ఏదన్నా కావాలంటే పిల్లలం మేమే మోసేవాళ్ళం. అదే మా చిన్నాన్నతో, అంటే ఆవిడకి మరిదితో, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మాటల యుద్ధమే. ఆయన "వదినా, నీ కాఫీ తాగితే నిద్దరొస్తంది" అంటే, ఈవిడ "నిద్దరోయినప్పుడే కదా నువ్వు మంచోడివి" అనేది. మావయ్య సంగతీ అలాంటిదే, మేనమావ మావ, అత్తారింటి ఆయన మావగారు, ఇద్దరి మధ్యా ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం.

తాతలకైతే అడ్డే లేదు. మనవరాల్ని "నా పెళ్ళాం" అని పిలుస్తారు, నాలుగేళ్ళ పిల్ల "నిన్ను నేను సేసుకోను, నీ మీసం గుచ్చుతాది" అంటే ఇల్లంతా పడీపడీ నవ్వుతుంది. నాయనమ్మలు మనవల్ని "నా మొగుడొచ్చాడు" అంటారు. మాటకి మాట అనడం పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. ఇక అన్న వరసకి మాత్రం సరసం పూర్తిగా నిషిద్ధం, అందుకే ఆడపిల్లలు బస్సుల్లో, ఆటోల్లో, కొట్లలో నోరు తెరిస్తే "అన్నయ్యా" అంటారు. చిల్లరివ్వు అన్నయ్యా, స్టాపు దగ్గర ఆపు అన్నయ్యా. మర్యాదిస్తోందని వాళ్ళు అనుకుంటారు, అందులో సగం మర్యాదే, మిగతా సగం ముందు జాగ్రత్త.

ఊరి వరసలని ఇంకొకటుంది. కంచం పొత్తూ మంచం పొత్తూ లేని కులాల మధ్య కూడా మావ, బావ, పిన్ని, అప్ప అని పిలుపులుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. సరసం కూడా ఆ పిలుపుల మీదే నడిచేది. అయితే అది రెండువైపులా సమానంగా నడిచేదని ఎవరైనా అంటే నేను నమ్మను. రైతు కూలికొచ్చిన ఆడమనిషితో సరసమాడితే చెల్లేది, కూలికొచ్చిన మగాడు రైతు ఇంటి ఆడవాళ్ళతో ఆడి ఉంటే ఏమయ్యేదో మా వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఒక్క ఉభాల రోజుల్లోనే, అంటే వరి నాట్ల రోజుల్లోనే, అది తలకిందులయ్యేది. వంశధార కాలవకి నీళ్ళొదిలి, జులై ఆగస్టుల్లో మడులు నిండి, నాట్లేసే ఆడవాళ్ళ గుంపు చేలో దిగిందంటే ఆ గట్టు మీద నడిచే మగాడికి దేవుడే దిక్కు, కామందు కానీ కరణం కానీ. అందరూ నడుం వంచి ఉంటారు, తల ఎత్తరు, ఒకావిడ పాట అందుకుంటుంది, మిగతావాళ్ళు పలుకుతారు, ఆ పాటలోకి ఆయన నడక, గొడుగు, బొజ్జ, రాత్రి పెళ్ళాం తలుపు తీయకపోవడం, అన్నీ వచ్చేస్తాయి. నవ్వి టీ డబ్బులిస్తే పాట మారి ఆయన మహారాజైపోతాడు, ఇవ్వకపోతే పక్క మడిదాకా వెంబడిస్తుంది. తలలన్నీ కిందికే ఉంటాయి కాబట్టి ఎవరన్నారో ఆయనకి తెలియదు, తెలిసినా అడగడు. ఇప్పుడు చాలాచోట్ల వెదజల్లడమే చేస్తున్నారు, కొన్నిచోట్ల నాటే యంత్రం వచ్చింది. యంత్రం మీద ఒక్క కుర్రాడు కూర్చుంటాడు, వాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

నా లెక్కలో సరసం సత్తా అంతా రెండో మాటలో ఉంటుంది. మొదటి మాట ఎవడైనా అంటాడు. చెడుగుడు ఆడినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది, గీత దాటి అవతలి జట్టులోకి వెళ్ళాలి, ఎవరినో ఒకరిని తాకాలి, కూత ఆగకుండానే వెనక్కి వచ్చెయ్యాలి. గీత దాటనివాడు ఆడనట్టే, అవతల ఉండిపోయినవాడు అవుటైనట్టే. మాటతో అంత దూరం వెళ్ళి అంతే వేగంగా వెనక్కి రావడం మా నాయనమ్మకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఆవిడకి బావ వరసయ్యే ముసలాయన ఒకాయన రోజూ మా వీధి అరుగు ముందు నుంచి వెళ్తూ ఆగేవాడు.

"ఏటే మరదలా, అప్పుడే ముసిల్దానివైపోనావు? నన్ను సేసుకునుంటే ఇలాగుందువా?"

ఈవిడ చీపురు కూడా ఆపేది కాదు.

"నిన్ను సేసుకునుంటే ముసిల్దాన్నయ్యేదాకా బతుకుదునేటి బావా?"

ఆయన ఆ మాట మూటగట్టుకుని వెళ్ళి రచ్చబండ దగ్గర, టీకొట్టు దగ్గర, తనే ఓడిపోయిన సంగతి తనే గొప్పగా చెప్పుకునేవాడు. మా తాత అరుగు మీదే ఉండి చుట్ట కాల్చుకుంటూ వినేవాడు, ఒక్కోసారి "సరిగ్గా అన్నావు" అన్నట్టు దగ్గేవాడు. ఇంతమంది ముందు, మొగుడి ముందు, పట్టపగలు జరిగేది అది.

తాత పోయాక నాయనమ్మ సరసాలు ఆగిపోయాయి. ఆవిడ మానేసిందో, ఎదుటివాళ్ళే అనడం మానేశారో ఎవరినీ అడగలేదు. ఆ ముసలాయన మా ఇంటి ముందు నుంచి తల వంచుకుని వెళ్ళేవాడు. పెళ్ళిళ్ళలో పసుపు దంచే చోటికి విధవరాలిని పిలవనట్టే సరసంలోకీ పిలవలేదు, అంత మంచి నోరు ఉత్త పుణ్యానికి మూతపడిపోయింది. పాతకాలం సరసాల గురించి మురిసిపోతూ చెప్పేవాళ్ళు ఈ ముక్క చెప్పరు, నాకు దాని మీద కోపం.

రెండో మాట అంటే ఏంటో తెలియాలంటే విజయనగరం వాళ్ళు దూరం పోనక్కర్లేదు కూడా. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే. అందులో గిరీశం అంతా మొదటి మాటల మనిషి, ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపు తనే పది చెప్పేసి, బుచ్చమ్మ తమ్ముడికి చదువు చెప్పే వంకతో వాళ్ళింట్లో చేరి ఆవిడ చెవిలో పడేలా ఉపన్యాసాలు దంచుతాడు. మధురవాణి వింటుంది, విన్నాక అంటుంది. నాకు సరసురాలంటే ఆవిడే. గిరీశాన్ని సరసుడనే వాళ్ళతో నేను వాదన పెట్టుకోను గానీ, ఒప్పుకోను.

పెళ్ళిలో అయితే సరసానికి ఏకంగా తంతులోనే చోటిచ్చారు. తలంబ్రాలు, పూలబంతులాట, బిందెలో ఉంగరం, ఇవన్నీ మంత్రాలతో సమానంగా జరగాల్సిందే, లేకపోతే పెళ్ళి సరిగ్గా చెయ్యలేదంటారు. ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోకుండానే పీటల మీద కూర్చునే రోజుల్లో, బిందెడు నీళ్ళలో ఉంగరం వేసి ఇద్దర్నీ చేతులు పెట్టి వెతకమంటే, పైన చుట్టూ ఆడవాళ్ళు ఎటు పక్షం వాళ్ళు అటు అరుస్తుంటే, ఆ నీళ్ళ అడుగున మొదటిసారి వేళ్ళు తగులుతాయి, అది ఎవరికీ కనపడదు, అందరికీ తెలుసు. ఎంత తెలివిగా పెట్టారో చూడండి. ఉంగరం దొరికినా మెల్లగా ఆవిడ వేళ్ళకి అందించి, ఓడిపోయినట్టు మొహం పెట్టేవాణ్ణి మా వాళ్ళు సరసుడంటారు. మూడుసార్లూ తనే లాక్కుని గెలిచానని చెయ్యెత్తి ఫొటోగ్రాఫర్ వైపు చూసేవాణ్ణి ఏమంటారో ఇక్కడ రాయను.

నాకు అన్నింటికంటే ఇష్టమైంది గుమ్మం దగ్గర పేర్లు చెప్పించడం. కొత్త జంట ఇంటికొస్తే ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి, పేర్లు చెబితేనే లోపలికి అంటుంది. మొగుడి పేరు నోటితో అనకూడదనే ఇళ్ళలో పెరిగిన పిల్లలకి ఆయన పేరు పైకి చెప్పడం అదే మొదటిసారి, కొంతమందికి అదే ఆఖరిసారి కూడా. మెల్లగా గొణిగితే "వినపడలేదు, కోటబొమ్మాళి దాకా వినపడాల" అంటారు. ఆ తర్వాత ఆడపడుచు "నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా" అని మాట తీసుకుంటుంది. దగ్గరి సంబంధాలు వద్దని డాక్టర్లు చెప్పగా చెప్పగా మేనరికాలు బాగా తగ్గాయి, మా ఇంట్లో స్వయంగా మేనరికం చేసుకున్నవాళ్ళే ఇప్పుడు పిల్లలకి వద్దంటున్నారు, అయినా గుమ్మం దగ్గర ఆ ప్రశ్న మాత్రం మానలేదు. ఇస్తానని అనడం కూడా ఇప్పుడు ఉత్త సరసమే. ఈమధ్య సంగీత్ అని పెళ్ళికి ముందురోజు స్టేజీ కట్టి, నెలరోజులు కొరియోగ్రాఫర్ దగ్గర నేర్చుకున్న స్టెప్పులేస్తున్నారు, చూడ్డానికి బాగానే ఉంటుంది, నేనూ ఈల వేశాను. దానికి ఎదురు మాట అనే సందు లేదు, అదొక్కటే లోటు.

మరి మొగుడూ పెళ్ళాల సరసం మాటేంటి అంటారా. సినిమా వాళ్ళు అదొక్కటే సరసం అనుకుంటారు గానీ, మా ఇళ్ళలో అందరికంటే తక్కువ కనపడేది అదే. పెద్దవాళ్ళ ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే తప్పు, ఇంక సరసం ఎక్కడ. అందుకని పిల్లల్ని మధ్యలో పెట్టుకునేవారు. మా నాన్న భోజనం ముందు కూర్చుని, పక్కనే నిలబడ్డ మా అమ్మని చూడకుండా నాతో, "మీ అమ్మని అడుగమ్మా, పులుసులో ఉప్పు నా మీద కోపంతో వేసిందా, ప్రేమతో వేసిందా" అనేవాడు. అమ్మ కూడా నాతోనే, "రుచి తెలిసినోళ్ళకే తేడా తెలుస్తాదని సెప్పవే" అనేది. నేను బుద్ధిగా రెండువైపులా తిరిగి తిరిగి చెప్పేదాన్ని, ఇద్దరూ ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. రసం, రుచి, సరసం అని పైన అంత వ్యాకరణం రాశాను గానీ, మా అమ్మ ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఇప్పుడు చేదు సంగతి. వరస అనేది హద్దు అని రాశాను, అదే కొంతమందికి లైసెన్సు. "బావ వరసే కదా" అని పెళ్ళిళ్ళలో భుజం మీద చెయ్యేసేవాళ్ళు, చీర గురించి మాట్లాడుతున్నట్టు మొదలెట్టి ఒంటి గురించి మాట్లాడేవాళ్ళు, మా కాలంలో ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆడపిల్ల మొహం ముడుచుకుంటే "సరసానికన్నాడే, అంత ఇదేటి" అని ఆ పిల్లనే తిడతారు, తిట్టేది కూడా ఎక్కువగా పెద్ద ఆడవాళ్ళే, అది ఇంకా మండుతుంది. నా దృష్టిలో దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఎదుటి మనిషికి నవ్వు రాలేదంటే, తిరిగి మాట అనబుద్ధి కాలేదంటే, అక్కడ సరసం లేదు, ఒకడి వెకిలితనం ఉంది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చెయ్యి వేశాడంటే అసలు మాటే లేదు, సరసం నోటితో ఆడేది.

ఆఫీసుల్లో అయితే వరసలుండవు, ఉన్నా గేటు బయటే వదిలి రావాలి. "సరదాకన్నాను మేడం" అనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఏంటంటే, పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లోనే వచ్చింది, 10 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాల్సిందే, అంతకంటే చిన్న చోట్ల వాళ్ళకి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ ప్రకారం ఉత్త మాటలకే, అంటే ఆడవాళ్ళని లైంగికార్థంతో ఏదైనా అంటేనే, ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మా కొత్త అమ్మాయికి ఇది కూడా చెప్పాను, టిఫిన్ బండి దగ్గర విన్నది వేరు, ఆఫీసులో ఎవరైనా అలా అంటే నాకు చెప్పు, ఇద్దరం కలిసి వెళ్దాం అని.

వలసలెక్కువైన జిల్లాలు మావి. మా కుటుంబంలోనే ఒకరు గాజువాకలో, ఒకరు చెన్నైలో, ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు, అందరం కలిసేది సంక్రాంతికి, లేకపోతే పెళ్ళికో చావుకో. మిగతా రోజుల్లో సరసం ఫోన్లోనే. టైపు చేసిన సరసం చాలా ప్రమాదం. మా బావ వరసాయన ఒకాయన గ్రూపులో మూడు వారాలు కనపడకపోతే మా చెల్లెలు "ఏం బావా, ఉన్నావా పోయావా" అని పెట్టింది. ఎదురుగా అంటే పొట్ట చెక్కలయ్యేది, అక్షరాల్లో చదివేసరికి ఆయన భార్యకి కోపం వచ్చి రెండు నెలలు మాటల్లేవు. అప్పటినుంచి నవ్వే బొమ్మలు కనీసం మూడు పెట్టాలని గ్రూపులో తీర్మానం. మా తోటికోడలు మాత్రం బొమ్మలు పెట్టదు, టైపు చెయ్యదు, వాయిస్ మెసేజే. గొంతు సాగదీసి, మధ్యలో ఆగి, ఎక్కడ నవ్వాలో అక్కడ తను నవ్వకుండా పెడుతుంది. మొన్న ఇలా రాస్తున్నానని తెలిసి నాకు కాదు, మా ఆయనకి పెట్టింది.

"మరిదీ, మీ ఆవిడ సరసాల గురించి పెద్ద పెద్దవి రాసీస్తందంట, అందులో నీ పేరు ఒక్కసోటైనా ఉందేటి, నేకపోతే అన్నీ ముసిలోళ్ళయ్యేనా?"

ఆయన స్పీకర్ పెట్టి నాకు వినిపించాడు. వదినకి తిరిగి ఏం అనాలో నన్ను చెప్పమంటున్నాడు. నేను చెప్పను, రెండో మాట ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి అన్నాను. నిన్నట్నుంచి వెతుక్కుంటున్నాడు.